వేలికి వెల ఎంత?

మైపాడు వెళ్ళడమంటే నెల్లూరు వాళ్ళకి పుట్టింటికి వెళ్ళినంత సంబరం. టౌను నుంచి సుమారు పాతిక కిలోమీటర్ల దారి. ఇందుకూరుపేట వైపు వరిచేలు, అవి అయిపోయాక రొయ్యల గుంటలు, ఆ తర్వాత సముద్రం. ఆదివారం వస్తే చాలు, పులిహోర డబ్బాలతో సహా సంసారాలు సంసారాలే అక్కడికి తరలిపోతాయి. మూడేళ్ళ కిందట మేమూ అలాగే వెళ్ళాం. పిల్లలు నీళ్ళలో కేరింతలు కొడుతున్నారు. మావారు పేపరు మొహాన కప్పుకుని ఇసకలో నిద్రపోతున్నారు. నేను మాత్రం ఎండు నెత్తళ్ళు కొందామని ఒడ్డు వెంబడి బయలుదేరాను.

గంపల ముందు ఒక అవ్వ కూర్చుని ఉంది. తూకం ఆమెది, పొట్లం కట్టడం కొడుకుది. ముప్పై ఏళ్ళవాడు. కాయితం మడిచి దారం చుట్టడానికి నానా అవస్థా పడుతున్నాడు. అప్పుడు చూశాను. కుడిచేతికి చూపుడు వేలూ మధ్యవేలూ లేవు.

"ఏమైంది అవ్వా, అబ్బాయి చేతికి?" అన్నాను.

"ఐసు మిషన్లో పొయినాయమ్మా. ఏడాదిన్నరాయె. ఐసుగడ్డ ఇరుక్కుంటే తోస్తా చెయ్యి పెట్టినాడు. అంతే."

"మరి యజమాని ఏమీ ఇవ్వలేదా?"

"అయ్యో, ఆయన మంచోడమ్మా! ఆస్పత్రి ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. పైన పదివేలు చేతిలో పెట్టినాడు. ఇంకేం అడగబోమని కాయితం మీద ఏలుముద్ర ఏయించుకున్నాడు. వీడికి సంతకం వొచ్చులే. కుడిచేతికి కట్టుండె గదా, అందుకని ఏలుముద్ర."

నెత్తళ్ళు తీసుకుని వచ్చేశాను గాని, ఆ మాట నన్ను వదలలేదు. వేళ్ళు పోయినవాడి చేత, ఆ వేళ్ళ సంగతి ఇక ఎత్తనని, మిగిలిన వేలితో ముద్ర! ఆ యజమాని నిజంగా మంచివాడే అయివుండవచ్చు. ఎంతోమంది ఆ పదివేలు కూడా ఇవ్వరు. కానీ రెండు వేళ్ళకి పదివేలు సరైన వెలేనా? అసలు వేలికి వెల అంటూ ఒకటి ఉంటుందా?

ఉందన్నారు మా బావగారు. ఆయన లాయరు. ఆయనకి మాట అందించడమే తడవు, బీరువాలోంచి పుస్తకం తీశారు. 1923లో మన దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. 1924 జూలై 1 నుంచి అమలైంది. దాని వెనక ఒక పట్టిక. మనం చాకలిపద్దు రాసుకున్నట్టు మనిషి ఒంట్లో ఏ భాగం పోతే సంపాదించే శక్తి నూటికి ఎంత పోయినట్టో అందులో వరసగా రాశారు. బొటనవేలు పోతే నూటికి 30. చూపుడు వేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలో చిటికెన వేలో అయితే 7. ఒక చేతికి రెండు వేళ్ళు కలిసి పోతే 20. రెండు చేతులూ పోతే నూటికి నూరు.

వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఉంగరం తొడిగే వేలు అన్నిటికన్నా చవక అని తెలిసి నవ్వూ వచ్చింది. ఏకలవ్యుడు గుర్తుకొచ్చాడు. గురుదక్షిణ అంటూ బొటనవేలు కోసి ఇచ్చినవాడికి నూటికి 30 అని లెక్కగట్టే కమిషనరు ఆ రోజుల్లో లేడు కదా!

ఈ పట్టిక వెనక పెద్ద కథే ఉంది. అది ఇంగ్లండులో ఒక మాంసం దుకాణం దగ్గర మొదలవుతుంది. 1835లో ఆ దుకాణంలో పనిచేసే కుర్రవాణ్ణి యజమాని బండి మీద సరుకుతో పంపాడు. మోయలేనంత బరువు వేశారేమో, బండి విరిగింది, కుర్రవాడి తొడ ఎముక విరిగింది. వాడు కోర్టుకెక్కాడు. జ్యూరీ నూరు పౌనులు ఇవ్వమంది. కానీ 1837లో పెద్ద కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కారణం వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. ఇలాంటివి ఒప్పుకుంటే రేపు పనిమనిషి తడిపక్క వేసిందనీ, వంటవాడు రాగి గిన్నెలు సరిగ్గా తోమలేదనీ ప్రతి నౌకరూ యజమాని మీద దావా వేస్తాడట! పనిలో ప్రమాదం ఉంటుందని తెలిసే కదా పనిలో చేరాడు, ఇష్టం లేకపోతే మానుకోవచ్చును కదా అన్నారు. ఆకలికి ఇష్టాయిష్టాలు ఉంటాయా అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

మన దేశంలో 1855లోనే ప్రాణాపాయాల చట్టం ఒకటి వచ్చింది. అయితే మనిషి చనిపోతేనే అది పలుకుతుంది. తప్పు యజమానిదేనని ఆ విధవరాలే రుజువు చెయ్యాలి. మిల్లు లోపల ఏం జరిగిందో ఇంట్లో ఉన్న ఇల్లాలికి ఏం తెలుస్తుంది? చూసినవాళ్ళంతా ఆ యజమాని దగ్గరే జీతగాళ్ళాయె. సాక్ష్యం చెప్పేదెవరు?

1884లో బొంబాయి బట్టలమిల్లుల కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఒక మహజరు తయారుచేశారు. 5,500 మంది సంతకాలు పెట్టారు. వాళ్ళు అడిగినవి ఏమంత గొంతెమ్మ కోరికలు కావు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి, జీతం నెల సగానికల్లా చేతికి రావడం. వాటితోపాటు ఇంకొకటి. పనిలో గాయపడినవాడికి కోలుకునేదాకా జీతం ఇవ్వాలి, జీవితాంతం పనికి రాకుండా పోతే వాడి బతుక్కి ఒక దారి చూపించాలి. సరిగ్గా ఆ 1884లోనే జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వం పని ప్రమాదాలకి బీమా చట్టం చేసింది. 1897లో ఇంగ్లండు కూడా కళ్ళు తెరిచి, తప్పెవరిదన్న తగువు లేకుండా పరిహారం ఇచ్చే చట్టం తెచ్చుకుంది. మన బొంబాయి కార్మికుల కోరిక చట్టమయ్యేసరికి మాత్రం మరో 39 ఏళ్ళు పట్టింది. ఆ సంతకాలు పెట్టినవాళ్ళలో ఎంతమంది అప్పటికి మిగిలి ఉన్నారో!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆలస్యంగా వచ్చినా 1923 చట్టం ఒక గొప్ప మలుపు తిప్పింది. తప్పు యజమానిదా కాదా అన్న ప్రశ్నే అక్కర్లేదంది. పని వల్ల, పని వేళలో దెబ్బ తగిలిందా? అయితే పరిహారం ఇచ్చి తీరాలి. తాగి పనిలోకి వచ్చాడనో, భద్రత కోసం పెట్టిన సాధనాన్ని కావాలని తీసేశాడనో రుజువైతే మాత్రం వేరు సంగతి. ప్రాణమే పోతే ఆ సాకు కూడా చెల్లదు. అంటే పరిహారం అనేది జాలిపడి చేసే ధర్మం కాదు. జీతం లాంటిదే, బాకీ.

అవ్వకి తెలియనిది ఇదే. 'మంచోడు' అంది. మంచివాడైనంత మాత్రాన బాకీ తీరిపోతుందా?

ఆ చట్టం అందరినీ ఒకేసారి అక్కున చేర్చుకోలేదు. ఫ్యాక్టరీలు, గనులు, రైళ్ళు, రేవులు ముందొచ్చాయి. మా నెల్లూరు జిల్లానే చూడండి. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్నాయి. గనుల్లో దిగేవాడి పేరు ఆ చట్టంలో మొదటినుంచీ ఉంది. 1946లో అభ్రకం ఎగుమతి మీద సుంకం వేసి గనికార్మికుల సంక్షేమానికి ఒక నిధి కూడా పెట్టారు. కలిచేడులో వాళ్ళకోసం ఆస్పత్రి వెలిసింది. అదే జిల్లాలో తూర్పున తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళేవాడి సంగతి? అక్కడ పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. జీతమన్నది లేనిచోట యజమాని ఎవరు? నష్టమొస్తే అందరిదీ, చెయ్యి విరిగితే మాత్రం ఎవరి చెయ్యి వాడిదే. అందుకే బెస్తవారికి చివరికి బీమా పథకాలే దిక్కయ్యాయి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వేటకు వెళ్ళేవాడు ప్రమాదంలో పోయినా, పూర్తిగా పనికి రాకుండా అయినా 5 లక్షలు, కొంత అంగవైకల్యానికి రెండున్నర లక్షలు అని ఏర్పాటు చేశారు. ఐసు మిషను దగ్గర పనిచేసే అవ్వ కొడుకు మాత్రం వాటాదారు కాదు. నెలజీతగాడు. వాడికి చట్టం ఉంది.

అన్నట్టు, పట్టిక అంటే రాతిమీద గీత అనుకునేరు. ఈ లెక్కకి ప్రాణం పోసిన తీర్పు ఒకటి చెప్పాలి. మన సరిహద్దుకి ఆనుకునే ఉన్న ఒరిస్సాలోని జయపురంలో 1968 జూలైలో ఒక సినిమా హాల్లో నగిషీ పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచెయ్యి తీసేయవలసి వచ్చింది. పట్టిక ప్రకారం ఒక చెయ్యి పోతే నూరు కాదు, అంతకు తక్కువే. యజమాని తరఫువారు అదే వాదించారు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు వినలేదు. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు? వాడి పనికి సంబంధించినంతవరకు నూటికి నూరూ పోయినట్టేనంది. అంతేకాదు, గాయమైన రోజునుంచే డబ్బు బాకీ పడ్డట్టు లెక్క, ఆలస్యం చేసినందుకు వడ్డీ, జరిమానా కట్టవలసిందేనని చెప్పింది. పోయింది ఏ అవయవం అని కాక, ఆ అవయవంతో ఆ మనిషి ఏం పని చేసుకు బతుకుతున్నాడు అని అడిగిందన్నమాట. ఆ లెక్కన ఏకలవ్యుడికి నూటికి 30 చాలదు. విలుకాడికి బొటనవేలు పోయాక ఇంకేం మిగిలింది?

అన్నిసార్లూ కోర్టు అలా ఆదుకోలేదు. 1952 జూన్‌లో పోరుబందరు దగ్గర ఉప్పు తయారుచేసే కంపెనీ కూలీలు సాయంత్రం పని ముగించుకుని పడవలో కయ్య దాటుతుంటే, గాలివానకి, ఎక్కువమంది ఎక్కినందుకు పడవ బోల్తాపడింది. కొందరు మునిగిపోయారు. 1958లో సుప్రీంకోర్టు పరిహారం రాదంది. పడవ కంపెనీది కాదు, అందరూ ఎక్కే రేవుపడవ. పనిచోటు దాటాక కూలీ కూడా అందరిలాంటి బాటసారే అని తర్కం. నీటిని దాటి పనికి వెళ్ళడం తెలిసిన మా కోస్తావాళ్ళకి ఆ తర్కం మింగుడుపడదు. సరదాకి కయ్య దాటుతారా ఎవరైనా? మొత్తానికి ఆ ముడి విడిపోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు 2003లో తెల్లవారుజాము డ్యూటీకి మోటారుసైకిలు మీద వెళుతూ దారిలో ప్రమాదానికి గురై పోయాడు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, పనికి వెళ్ళే దారికీ పనికీ సంబంధం ఉన్నప్పుడు అదీ పనిలో భాగమేనని అతని కుటుంబానికి పరిహారం ఇప్పించింది.

ఇక మనకు, అంటే ఆడవాళ్ళకి, ముఖ్యంగా తెలియవలసిన మాట ఒకటుంది. 1923 చట్టంలో 8వ సెక్షను అని ఒకటి ఉండేది. మనిషి చనిపోయినప్పుడు ఇచ్చే పరిహారం గాని, గాయపడిన స్త్రీకి ఒకేసారి ఇచ్చే పరిహారం గాని యజమాని నేరుగా చేతికి ఇవ్వకూడదు. కమిషనరు దగ్గర జమ చెయ్యాలి. చేతికిస్తే అసలు ఇచ్చినట్టే కాదు! స్త్రీలనీ, మైనర్లనీ, మతిలేని వారినీ ఒకే గాటన కట్టారని మొదట నాకు చుర్రుమంది. తర్వాత ఆలోచిస్తే ఆ సెక్షను రాసినవాడికి లోకం తెలుసుననిపించింది. శవం ఇంట్లో ఉండగా చేతిలో నాలుగు నోట్లు పెట్టి కాయితం మీద ముద్ర వేయించుకునే పెద్దమనుషులు ఎక్కడ లేరు? ఆ నోట్లు కూడా ఆవిడ చేతిలో నిలుస్తాయా? బావగారొకరు, మరిదొకరు, అప్పులవాడొకడు. అందుకే ఆ డబ్బుని అప్పులవాడు జప్తు చెయ్యడానికి కూడా వీల్లేదని 9వ సెక్షనులో రాశారు.

17వ సెక్షను వినగానే నేను కుర్చీలోంచి లేచాను. పరిహారం హక్కు వదులుకుంటున్నానని గాని, తగ్గించుకుంటున్నానని గాని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదు. అంటే అవ్వ కొడుకు వేసిన ఆ వేలిముద్ర ఉత్తి సిరామరక!

"లెక్క చెప్పండి బావగారూ," అన్నాను.

ఆయన కాయితం తీశారు. నెలజీతం పదివేలు అనుకుందాం. పూర్తి అంగవైకల్యానికి అందులో నూటికి 60, అంటే 6,000. దాన్ని వయసుకి తగిన గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్ళకి అది 207.98. చిన్నవాడికి ఎక్కువ, వయసు మళ్ళేకొద్దీ తక్కువ. 40కి 184.17, 50కి 153.09. హెచ్చిస్తే 12,47,880 రూపాయలు. రెండు వేళ్ళకి అందులో నూటికి 20. అంటే 2,49,576.

పదివేలెక్కడ, రెండున్నర లక్షలెక్కడ!

"అయితే తొందరపడాలి," అన్నారు బావగారు. "దెబ్బ తగిలిన రెండేళ్ళలోపు దరఖాస్తు పడాలి. దాటితే, ఆలస్యానికి తగిన కారణం చూపించి ఒప్పించుకోవాలి. ఇప్పటికే ఏడాదిన్నర అన్నావు."

మరుసటి ఆదివారం మళ్ళీ మైపాడు ప్రయాణమంటే మావారు వింతగా చూశారు. నెత్తళ్ళు బాగున్నాయన్నాను. అవ్వ అక్కడే ఉంది. నేను తెలుసుకున్నదంతా చెప్పాను. కొడుకు వింటూనే ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు. అవ్వే చాలాసేపు ఇసకలో వేలితో గీతలు గీసి, చివరికి అంది.

"ఎట్టమ్మా? ఆయన అన్నం తిన్నాం. ఆస్పత్రికి ఆయన కార్లోనే తీసకపొయినాడు. ఇప్పుడాయన మీద కేసంటే ఊళ్ళో ఏమనుకుంటారు? రేపు చిన్నోడికి పనెవరిస్తారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఫాను కింద కూర్చుని సెక్షన్లు విన్నంత తేలిక కాదు కదా! "అవ్వా, నువ్వు నెత్తళ్ళు అరువిస్తే ఆ డబ్బు అడుగుతావా లేదా?" అన్నాను. "అడగనా మరి?" అంది. "అడిగితే వాళ్ళు చెడ్డవాళ్ళని అర్థమా?" అవ్వ నవ్వింది గాని ఏమీ అనలేదు. నేను సామాను సర్దుకుని నడుస్తుంటే కొడుకు వెనకనుంచి వచ్చాడు.

"అమ్మా, నెల్లూరులో లేబరాఫీసు యాడుంది?"

ఆ తర్వాతి సంగతులు చెప్పాలంటే పెద్ద కథ. తేదీలు పడ్డాయి, యజమాని కొన్నాళ్ళు మాటలు మానేశాడు, అవ్వ కొన్నాళ్ళు నన్ను కూడా తిట్టుకుంది. చివరికి ఆఫీసులోనే రాజీ కుదిరి, అధికారి సరేనన్నాక డబ్బు జమ అయింది. రెండు లక్షలకు పైచిలుకే. ఆ రోజు కాయితాల మీద వాడు వేలిముద్ర వెయ్యలేదట. ఈలోగా ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు.

1923 చట్టం పేరు 2010లో ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడు వచ్చింది. పరిహారం సంగతి అందులో ఏడో అధ్యాయంగా కూర్చుంది. పనికి వెళ్ళివచ్చే దారిలో జరిగే ప్రమాదాన్నీ, పనితో సంబంధం ఉంటే, అందులో చేర్చారు. చేతికి దెబ్బ తగిలినవాళ్ళు ముందుగా చూసుకోవలసింది ఇదీ: ఇ.ఎస్.ఐ. కార్డుంటే ఆ దారి. లేకపోతే కార్మిక శాఖ దారి. పనిమీద వాహన ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకైనా వెళ్ళవచ్చు గాని, రెండు చోట్లా అడగకూడదు, ఒకటే ఎంచుకోవాలి. ఆస్పత్రి కాయితాలు, జీతం ఇచ్చిన ఆధారం, చూసినవాళ్ళ పేర్లు పదిలంగా దాచుకోవాలి.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. పాత చట్టంలో పట్టిక ఏటికేడు పెరుగుతూ వచ్చింది. అందులో తాటిచెట్లు గీసేవారున్నారు. ఏనుగుల్ని పట్టేవారు, సాకేవారు కూడా ఉన్నారు. మన ఇళ్ళలో అంట్లు తోమి, తడి గచ్చు మీద నడిచే పనిమనిషి పేరు మాత్రం ఎక్కలేదు. మైపాడు యజమాని పదివేలిచ్చి మంచివాడనిపించుకున్నాడని నేను ఇంతసేపు మాట్లాడాను కదా. మొన్న మా ఇంట్లో పనిచేసే ఆవిడ పెరట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే, కట్టు కట్టించి, వారం జీతం కొయ్యకుండా ఇచ్చి, నేనూ మంచిదాన్ననే అనుకున్నాను. ఆ చెయ్యి ఆరువారాలు పనికి రాదని డాక్టరు చెప్పాక మళ్ళీ లెక్క వేసుకున్నాను. ఆరువారాల జీతమూ ఆమె ఇంటికి పంపించాను.